ఎక్స్‌ప్రెషన్ పెడల్: బాస్ గిటార్‌లో, ఇంటి రికార్డింగులో

వాయించేవారి రెండు చేతులకూ తీరిక లేనప్పుడు శబ్దంలోని ఏదో ఒక గుణాన్ని పాదంతో క్రమంగా హెచ్చించడానికి, తగ్గించడానికి వాడే సాధనం ఎక్స్‌ప్రెషన్ పెడల్. ఆ గుణం వాల్యూం కావచ్చు, ఫిల్టరు కావచ్చు, శ్రుతి కావచ్చు. నేటి వాడుకలో ఈ పేరు మరొక పరికరానికి సంకేతం మాత్రమే ఇచ్చే పెడల్‌కు వర్తిస్తుంది. వాద్యం శబ్దం దీని గుండా పోదు. శబ్దం తమ గుండానే పోయే వాల్యూం పెడల్, ఫిల్టరును కదిపి ‘వా’ అనిపించే వా పెడల్ పైకి చూస్తే ఇలాగే ఉంటాయి. అందుకే దుకాణాల్లో మూడింటినీ ఒకే గాటన కడుతుంటారు. ఈ వ్యాసంలో వాటిని వేరుగానే చూశాం.

చరిత్ర

పాదంతో శబ్దాన్ని పెంచి తగ్గించే ఆలోచన చర్చి ఆర్గన్ల నాటిది. గొట్టాలను పెట్టెలో బిగించి, దాని తలుపును పాదంతో తెరిచి మూసే ఏర్పాటును 1712లో లండన్‌లోని సెయింట్ మాగ్నస్ చర్చి ఆర్గన్‌కు అబ్రహాం జోర్డాన్ అమర్చినట్టు ఆనాటి పత్రికా ప్రకటన వల్ల తెలుస్తుంది. స్పెయిన్, పోర్చుగల్ ఆర్గన్లలో ఇలాంటి పెట్టెలు అంతకు ముందే ఉన్నాయనే వాదన కూడా ఉంది. ఆనాటి ప్రకటనే సాక్ష్యంగా ఉన్నందున జోర్డాన్ తేదీనే ఎక్కువమంది ఆధారంగా తీసుకుంటారు.

19వ శతాబ్ది ఫ్రెంచి హార్మోనియంలో ‘ఎక్స్‌ప్రెషన్’ అనే మీట ఉండేది. దాన్ని లాగితే గాలిని నిల్వచేసే తిత్తి పక్కకు తప్పుకొని, తొక్కుడు బలం నేరుగా రీడ్ల మీద పడేది. ఈ వాద్యానికి దెబేన్ పొందిన పేటెంటును కొందరు 1840కి, మరికొందరు 1842కి చెందినదిగా రాస్తారు. తెలుగు పద్యనాటక రంగస్థలం మీద వినిపించిన కాలి హార్మోనియం కూడా తొక్కుడు గాలితో పలికే వాద్యమే. అయితే అందులో ఈ ప్రత్యేకమైన మీట ఎంతవరకు వాడుకలో ఉండేదో వివరాలు అరుదు.

విద్యుత్ వాద్యాల్లో 1935లో విడుదలైన హామండ్ ఆర్గన్‌తో పాదపు పెడల్ స్థిరపడింది. గిటారు వాల్యూం పెడల్‌ను 1940ల నుంచి డి ఆర్మండ్ పేరుతో అమ్మారు. వా పెడల్ విషయంలో వాదాలు ఎక్కువ. చెట్ అట్కిన్స్ 1950ల చివరి రికార్డుల్లో తాను తయారుచేసుకున్న ఇలాంటి సాధనాన్ని వాడాడని చెబుతారు. స్టీల్ గిటారు వాద్యకారులు టోన్ పెడల్‌తో అలాంటి ధ్వనినే రాబట్టేవారు. ఇవి రెండూ నమ్మదగినవే. కానీ నేడు మనం వా అని పిలిచే సర్క్యూట్ మాత్రం 1966లో కాలిఫోర్నియాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్లీ ప్లంకెట్ చేతిలో రూపుదిద్దుకుంది. ఆ కంపెనీ పనిచేస్తున్న వాక్స్ ఆంప్లిఫయరులోని మధ్యస్థాయి స్విచ్చికి బదులు తిప్పుడు బొత్తం పెట్టి ఖర్చు తగ్గించబోయి, దాన్ని ఆర్గన్ వాల్యూం పెడల్ డొక్కలో బిగించి చూశారు. దాన్ని గిటారుకు వాడాలని పట్టుబట్టింది తానేనని గిటారు వాద్యకారుడు డెల్ కాషర్ చెప్పుకున్నాడు. కంపెనీ అధిపతి దృష్టి గాలివాద్యాల మీద ఉండేదంటారు. 1967 ఫిబ్రవరిలో దాఖలై 1970లో మంజూరైన పేటెంటు మీద ప్లంకెట్‌తో పాటు లెస్టర్ కుష్నర్ పేరు ఉంది. తొలి పెడళ్ల మీద పేరున్న క్లైడ్ మెకాయ్ ట్రంపెట్ విద్వాంసుడు. పెడల్ రూపకల్పనలో ఆయన పాత్ర ఉన్నట్టు ఆధారం లేదు.

మోర్లీ పెడళ్లలో కార్బన్ పట్టీకి బదులు చిన్న బల్బు, కాంతికి స్పందించే నిరోధకం ఉంటాయి. పాదం కదిలినప్పుడు వాటి మధ్య అడ్డు జరుగుతుంది. ఒకదానితో ఒకటి రాసుకునే భాగం లేదు కనుక ఇవి ఏళ్లు గడిచినా కరకరమనవు. మెటాలికా బాసిస్టు క్లిఫ్ బర్టన్ ఈ రకం వాడాడు. డిజిటెక్ వామీ పెడల్‌తో శ్రుతి కూడా పాదం కిందికి వచ్చింది. దాని విడుదలను సాధారణంగా 1989గా చెబుతారు.

బాస్‌లో వచ్చే చిక్కు

నాలుగు తీగల బాస్‌లో ఖాళీగా మీటిన ఇ తీగ 41.2 హెర్ట్జ్. మామూలు గిటారు వా పెడల్‌లో శిఖరం దాదాపు 400 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య కదులుతుంది. దానికి దూరంగా కింద ఉన్న మూలస్వరం బలహీనపడి, బాస్ పలచబడుతుంది. బాస్ కోసం చేసిన వా పెడళ్లు కింది భాగాన్ని వదిలేసి పైభాగం మీదే పనిచేస్తాయి, లేదా శుద్ధ శబ్దాన్ని పక్కన కలుపుతాయి. వాయింపు బలానికి దానంతట అదే తెరుచుకునే ఫిల్టరు ఇంకో దారి. 1970ల మొదట్లో మైక్ బీగెల్ రూపొందించిన ఇలాంటి ఫిల్టరు మ్యూట్రాన్‌ను బూట్సీ కాలిన్స్ బాస్‌లో ప్రసిద్ధం చేశాడు.

తీగల అమరిక

ఎక్స్‌ప్రెషన్ పెడల్ లోపల ఉండేది ఒక పొటెన్షియోమీటరు, అంటే కదిలే ముల్లు ఉన్న నిరోధకం. దాని విలువ ఎక్కువగా 10 కిలో ఓములు. యమహా ఎఫ్‌సి7లో 50. మూడు తీగల జాక్‌లో కొన, ఉంగరం, మొదలు అని మూడు భాగాలుంటాయి. మొదలు భూమికి పోతుందన్నదాంట్లో అందరిదీ ఒకే మాట. మిగిలిన రెండింటి దగ్గరే పేచీ. రోలాండ్ పద్ధతిలో కదిలే ముల్లు కొనకు, ఆధార వోల్టేజి ఉంగరానికి కలుస్తాయి. యమహా పద్ధతిలో ఇది తారుమారు. దీనికి సర్వసమ్మతమైన ప్రమాణం ఏర్పడలేదు. చాలా చేతిపుస్తకాల్లో ఈ సంగతి ఒక్క పంక్తిలో తేలిపోతుంది.

పొరపాటు అమరిక లక్షణం స్పష్టంగా ఉంటుంది. పరికరం లోపల ఆధార వోల్టేజికి వరుసలో 1 కిలో ఓము ఉందనీ, పెడల్ 10 కిలో ఓములదనీ అనుకుందాం. సరైన పెడల్‌ను సగం తొక్కితే విలువ సగానికి వస్తుంది. తారుమారైన పెడల్‌లో పదోవంతు తొక్కేసరికే గరిష్ఠ విలువలో 55 శాతం, సగం తొక్కేసరికి 92 శాతం దాకా పోతుంది. పాదం మొదటి అంగుళంలోనే వా అంతా తెరుచుకొని ఆపై ఏమీ మారకపోతే పెడల్ పాడైందని పారేయనక్కర్లేదు. కొన, ఉంగరాలను అటుదిటు చేసే చిన్న అడాప్టరు కేబుల్ చాలు. కొన్ని పెడళ్ల మీద దీనికే స్విచ్చి ఉంటుంది. గిటారుకు వాడే రెండు తీగల కేబుల్‌తో మాత్రం పెడల్ పనిచేయదు; ఉంగరం భూమికి అంటుకుపోతుంది.

ఇంటర్‌ఫేస్‌తో చిక్కులు

ఆడియో ఇంటర్‌ఫేస్ ముందున్న జాక్‌లో ఎక్స్‌ప్రెషన్ పెడల్ గుచ్చితే ఏమీ జరగదు. అది వోల్టేజి పుట్టించదు. దానికంటూ జాక్ ఉన్న ఎఫెక్ట్స్ పెడల్‌కో మిడి కీబోర్డుకో దాన్ని కలపాలి. మిడిలో దీనికి కేటాయించిన 11వ నంబరు కంట్రోలరు 0 నుంచి 127 వరకే లెక్కిస్తుంది. పాత పొటెన్షియోమీటరు 63, 64 మధ్య ఊగిసలాడుతుంటే కదపని పెడల్ కూడా ట్రాకు నిండా గీతలు రాస్తుంది. ఎడిటింగులో వాటిని ఒక్కసారిగా తుడిచి, కావలసిన వంపును గీసుకోవడమే శ్రేయస్కరం.

బాస్‌ను నేరుగా కలిపేటప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్చి నొక్కడం మరవకూడదు. బ్యాటరీ లేని పికప్‌కు దాదాపు 1 మెగా ఓము ఇన్‌పుట్ కావాలి. 10 కిలో ఓముల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పైస్థాయి మెరుపు చచ్చిపోతుంది. రికార్డు చేసిన శుద్ధ బాస్‌ను వెనక్కి పెడళ్లలోకి పంపే రీఆంపింగులో దీనికి ఎదురు సమస్య: లైన్ మట్టం పెడల్‌కు మితిమీరిన బలం. అందుకే మధ్యలో రీఆంప్ పెట్టె వాడతారు. 1990లలో దీన్ని అమ్మకపు వస్తువుగా తెచ్చింది జాన్ కునిబెర్టీ.

అన్నిటికంటే ఎక్కువమందిని తికమక పెట్టేది ఆలస్యం. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో 256 శాంపిళ్ల బఫర్ అంటే ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు. శుద్ధ ట్రాకును, పెడళ్ల నుంచి తిరిగి వచ్చిన ట్రాకును సమానంగా కలిపి వింటే ఈ తేడా చెవికి ఆలస్యంగా తోచదు, బాస్ మాయమైనట్టు తోస్తుంది. తేడా 5.1 మిల్లీసెకన్లయితే సరిగ్గా 98 హెర్ట్జ్, అంటే ఖాళీ జి తీగ మూలస్వరం రద్దవుతుంది. పక్క తీగలు బాగానే వినిపిస్తాయి. బాస్ గిటారు మీదా స్పీకర్ల మీదా అనుమానం పోవడం ఇందువల్లే. రెండు ట్రాకుల మొదటి మీటు అలలను పెద్దగా చేసి చూసి, అవి ఒకే చోట మొదలయ్యేలా జరిపితే ఈ లోపం పోతుంది. జరిపాక కూడా పలచగానే ఉంటే ఒక ట్రాకు ధ్రువత తిప్పి వినాలి. కొన్ని వా పెడళ్లు అలను తలకిందులు చేస్తాయి.

గుయ్‌మనే హోరు మన దేశంలో 50 హెర్ట్జ్, దాని గుణిజాల మీద వస్తుంది. 60 హెర్ట్జ్ అని రాసిన అమెరికా సూచనలను ఇక్కడ యథాతథంగా వాడి ఫిల్టరు పెడితే ఫలితం ఉండదు. లాప్‌టాప్ చార్జరు తీయగానే రొద ఆగితే దోషం భూమి సంధానంలోదే. పెడళ్లన్నీ ఒకే అడాప్టరుకు గొలుసుగా ఉంటే విడివిడి అవుట్‌లెట్లున్న సప్లయికి మారడం మేలు. ఎర్తింగు పిన్ను విరిచేసి హోరు ఆపే అలవాటు కొందరిలో ఉంది. చేతిలో లోహపు తీగలున్న వాద్యం పట్టుకొని అలా చేయడం ప్రాణాపాయం. రొద పోవాలంటే పెడల్ వరుసకు, ఇంటర్‌ఫేస్‌కు మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డిఐ పెట్టె పెట్టి, దాని భూమి స్విచ్చిని ఎత్తాలి.