గాలి తిరిగే వరకు: విశాఖ తీర ప్రయాణాలు, తొలి తెలుగు మిషనరీ చరిత్ర

పరిచయం

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నంలో సేవ ఆరంభించిన సంగతి పాఠకులకు తెలిసినదే. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. ఆనందరాయర్ సహకారంతో తెనిగించబడిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మన చరిత్ర గ్రంథాలు ఈ తేదీలను వరుసగా చెబుతాయి గాని, వాటి వెనుకనున్న సముద్రపు కాలపట్టికను పట్టించుకోవు. ఆనాటి విశాఖకు రైలు లేదు, కట్టిన ఓడరేవు లేదు. నేలమీద టపా, పల్లకీ, నీటిమీద తెరచాప. తెరచాపకు గాలే యజమాని.

గాలుల క్రమం

వేసవి మొదలు సెప్టెంబరు వరకు ఈ తీరాన గాలి ప్రధానంగా నైరుతినుండి వీస్తుంది. మన తీరం కూడ నైరుతినుండి ఈశాన్యానికి సాగుతుంది గనుక, మద్రాసునుండి విశాఖకు, విశాఖనుండి కలకత్తాకు పోయే ఓడకు ఆ గాలి వెనుకనుండి తోడ్పడుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో గాలి ఈశాన్యానికి మారుతుంది; తీరప్రవాహం దక్షిణానికి మళ్ళుతుంది.

దక్షిణానికి పోవలసిన వారికి అది అనుకూలమే. అయితే పెద్ద తుపానులు తరచుగా వచ్చేది కూడ ఆ నెలల్లోనే. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ను మనమెరుగుదుము. అందుచేత వివేకంగల నావికుడు గాలి తిరిగిన వెంటనే బయలుదేరక, తుపానుల కాలం గడిచేవరకు ఆగేవాడు. జూలైలో బెంగాలుకు సులభంగా పోయిన ఓడ ఆగస్టులో తిరిగి రావాలంటే గాలికెదురుగా వాలుగా అటూ ఇటూ తిరుగుతూ రావాలి. కాబట్టి వెళ్ళిన పని ముగిసినా తిరుగు ప్రయాణం నెలల తరబడి ఆగవచ్చు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఉపవాసదినం గడిచిన తరువాత ప్రయాణం అపాయకరమని పౌలు హెచ్చరించడం ఇట్టి ఋతుజ్ఞానమే.

లంగరునుండి ఒడ్డుకు

ఓడ చేరినంత మాత్రాన ప్రయాణం ముగియలేదు. ఓడలు డాల్ఫిన్స్ నోస్ కొండకు ఎదుట బహిరంగ సముద్రంలో లంగరు వేసేవి. ఉప్పుటేరు ముఖద్వారానికి ఇసుకమేట అడ్డం. ఇక్కడ రోజుకు రెండు పోట్లు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సైతం నీటి హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే. అయినను, చిన్న నావ మేట దాటడానికి ఆ కొద్ది నీరే ఆధారం. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది గనుక నేటి వేళ రేపటికి పనికిరాదు.

మిగిలిన చోట్ల మసూలా పడవలే శరణ్యం. మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో పలకలు కుట్టిన ఆ పడవ, అల విసిరినప్పుడు వంగేది గాని పగిలేది కాదు. పెద్ద అలల వరుస పోయి కాస్త శాంతించే క్షణాన్ని పడవవారు కనిపెట్టి తెడ్లు వేసేవారు.

ఈ లంగరుస్థలం ఎంత నిరాశ్రయమైనదో 1804 సెప్టెంబరు 15న తేలింది. తీరం వెంబడి ఉత్తరానికి వచ్చిన ఫ్రెంచి సేనాని లినోయి ఓడలు ఇక్కడ సెంచూరియన్ అనే బ్రిటిషు ఓడపై దాడి చేసినప్పుడు, దాని కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉన్నాడు. దాని రక్షణలోనున్న బార్నబీ అనే వర్తక ఓడ ఒడ్డు అలల్లో ధ్వంసమైంది. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువుల వశమైంది. మరుసటి సంవత్సరమే మిషనరీలు ఈ పట్టణానికి వచ్చారు. ఓడలు నిశ్చింతగా నిలిచే రేవు 1933లో గాని తెరవబడలేదు.

ముగింపు

దీనివలన చరిత్ర విద్యార్థికి రెండు సంగతులు బోధపడుతున్నాయి. మొదటిది, ఆనాటి ఉత్తరాన్ని చదివేటప్పుడు సంవత్సరంతోపాటు నెలను గుర్తించాలి. జవాబు ఆలస్యమైతే దానిని నిర్లక్ష్యమనో, సత్వరంగా అందితే అద్భుతమనో తేల్చకముందు ఆ నెల గాలి ఎటు వీచిందో చూడాలి. ఋతువులను నియమించినవాడు దేవుడే గనుక ఈ పరిశీలన విశ్వాసానికి విరోధం కాదు.

రెండవది, అలల మీదుగా మనుష్యులను, కాగితాలను ఒడ్డు చేర్చిన పడవవారికి మన సంఘ చరిత్రల్లో స్థలం దొరకలేదు. సువార్త వచ్చిన మార్గాన్ని వ్రాసేవారు ఆ మార్గం తెలిసిన చేతులను విడిచిపెట్టరాదు. తీరప్రాంత సంఘాల్లో గాలిని, పోటును ఎరిగిన వృద్ధ మత్స్యకారులు నేటికిని ఉన్నారు. పరిశోధక విద్యార్థులు గ్రంథాలయానికి వెళ్ళినట్లే వారి యొద్దకును వెళ్ళుట మేలు.