బాణవేగం – జింక ప్రతిస్పందన: ఒక చారిత్రక పరిశీలన
వేటవిల్లు చరిత్రను కేవలం బాణవేగపు అభివృద్ధిగా చూడటం సమంజసం కాదు. నారి మోత సెకనుకు సుమారు 340 మీటర్లు పయనిస్తుంది. కొయ్యవింటి బాణం దాదాపు 50 మీటర్లే. 20 మీటర్ల దూరంలోని జింకకు మోత విన్నాక 0.34 సెకను మిగులుతుంది. దూకబోతూ అది ఒడలు కుంగదీయగా బాణం వీపు మీదుగా పోతుంది.

1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో బయటి ప్రపంచానికి కనిపించిన యాహీ వేటగాడు ఇషీ, పొంచి దగ్గరగా చేరడాన్నే ప్రధానంగా ఎంచినట్లు అతని వద్ద విలువిద్య నేర్చిన వైద్యుడు శాక్స్టన్ పోప్ రచనల వల్ల తెలుస్తుంది.

1969లో హోలెస్ విల్బర్ అలెన్ పేటెంట్ పొందిన కప్పీల విల్లు నుండి వికసించిన నేటి విండ్లలో బాణవేగం 90 మీటర్లు. అయితే 40 మీటర్ల నుండి వేస్తే జింకకు మరల 0.33 సెకను దక్కుతుంది. వేగం ఇచ్చినదాన్ని దూరం హరించింది. గురి తప్పిన బాణం జింకను చంపక గాయపరచవచ్చు. కనుక వేటగాని నైతికతకు కొలమానం వేగం కాదు, సామీప్యమే.