ఒడి కంప్యూటరులు: పుట్టుక, పోషణము



తాళపత్ర గ్రంథములను గూర్చి ప్రసంగించెదనన్న నందరును సావధానముగ విందురు. పాత కంప్యూటరులను గూర్చి చెప్పెదనన్న కొందరు నవ్వుదురు. నిన్నమొన్నటి వస్తువునకు చరిత్ర యేమని వారి యాక్షేపణ. కాని గంటము, కలము, అచ్చుయంత్రము అను వరుసలో నిదియును వ్రాతకు సాధనమే. ల్యాప్‌టాపు అని లోకము పిలుచు, ఒడిలో బెట్టుకొని పనిచేయదగిన కంప్యూటరు ఎట్లు పుట్టినదో, పాతబడినవానిని కొందరు వేడుకతో నేల కాపాడుచున్నారో, ఆ కాపుదలలోని మెలకువ లెట్టివో మనవి చేసెదను.

కంప్యూటరు మొదట గదినంతయు నాక్రమించు వస్తువు. 1970 దశకమున బల్లమీదికి వచ్చెను. సామాన్యులు కొనదగిన వెలకు, చేతబట్టుకొని పోదగిన యంత్రమును విరివిగా నమ్మినవారిలో మొదట చెప్పదగినవాడు ఆడమ్ ఆస్‌బర్న్. ఈయన కథకు మన దక్షిణదేశముతో సంబంధము కలదు. ఈయన తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణమహర్షి భక్తుడు. మహర్షి చరిత్రమును ఆంగ్లమున వ్రాసినవాడు. 1964లో వెలువడిన రమణాశ్రమ పత్రికకు తొలి సంపాదకుడు. ఆడమ్ 1939లో బాంకాకు నగరమున జనించి, బాల్యమున అరుణాచల పాదమున తిరువణ్ణామలైలో పెరిగెను. 

ఆయన 1981 ఏప్రిల్ మాసమున శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఆస్‌బర్న్ 1’ అను యంత్రమును ప్రదర్శించెను. దానిని నిర్మించిన శిల్పి లీ ఫెల్సెన్‌స్టైన్. అది కుట్టుమిషను పెట్టెవలె నుండును. బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళములు మాత్రమే. వెల 1,795 డాలర్లు. వ్రాతకును లెక్కలకును వలయు ప్రోగ్రాములు ఆ వెలలోనే చేరియుండెను. జనులు విరగబడి కొనిరి. అయినను 1983 సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసెను. రాబోవు యంత్రము మేలైనదని ముందుగా చాటుటచే నున్నదాని నెవ్వరును కొనలేదని కొందరందురు. పోటీదారుల యంత్రములు మేలైనవై వచ్చుటయే హేతువని మరికొందరందురు. ఆడమ్ కడపటి దినములు వ్యాధిగ్రస్తుడై మన దేశముననే గడపి, 2003లో కొడైకెనాలులో కన్నుమూసెను.

అయితే ఆ పెట్టె మోయదగినదే గాని ఒడిలో నిముడునది గాదు. పుస్తకమువలె మడచు రూపము 1982లో వెలువడిన ‘గ్రిడ్ కంపాస్’ యంత్రముతో ప్రసిద్ధికి వచ్చెను. బిల్ మాగ్రిడ్జ్ దాని రూపకర్త. మెగ్నీషియము లోహపు తొడుగు, నారింజవన్నె వెలుగుతెర దాని లక్షణములు. దాని వెల 8,000 డాలర్లకు మించుటచే సామాన్యుల కందలేదు. అమెరికా వ్యోమనౌకలలో మాత్రము ప్రయాణము చేసెను. 1983లో ‘టి.ఆర్.ఎస్. 80 మోడల్ 100’ వచ్చెను. టార్చిలైటులో వేయునట్టి చిన్న బ్యాటరీలు నాల్గు చాలును; ఇంచుమించు 20 గంటలు పనిచేయును. తెరపై వరుసకు 40 అక్షరముల చొప్పున 8 వరుసలు. విలేఖరులు దానిపై వార్త వ్రాసి టెలిఫోను తీగద్వారా కార్యాలయమునకు పంపుచుండిరి. 1992లో ఐ.బి.ఎం. సంస్థ ‘థింక్‌ప్యాడ్ 700సి’ని విడుదల చేసెను. నల్లని పెట్టె, మీటల నడుమ ఎఱ్ఱని చిన్న బొడిపె దాని గుర్తులు. నేటికిని పాత యంత్రముల ప్రియులు మిక్కిలి మక్కువతో నుంచుకొనునది యీ వంశమే.

ఇక పోషణము. తాటాకునకు చెదలు, పురుగు, తేమ శత్రువులు. ఈ యంత్రమునకు మొదటి శత్రువు దాని పొట్టలోనే యున్నది, అది బ్యాటరీ. పాత నికెల్-కాడ్మియము బ్యాటరీ యేండ్లు గడచిన పిమ్మట కారి, క్షారమును విడుచును. ఆ క్షారము లోపలి రాగిదారులను తినివేయును. ఆకుపచ్చని చిలుము కనబడెనా, క్షారము సోకినదని గ్రహింపవలెను. కాబట్టి మూలబెట్టు యంత్రమునుండి బ్యాటరీని ముందుగా తీసివేయవలెను. కారిన చోట కొంచెము వినిగరుతో తుడిచి క్షారమును విరిచి, పిదప ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచి, బాగుగ నారనీయవలెను. లిథియము బ్యాటరీ ఉబ్బినచో దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, ఛార్జి చేయరాదు, నిప్పంటుకొనును.

రెండవది కెపాసిటరులు. లోపలి ద్రవము కారి, పలకను పాడుచేయును. వానిని ఊడదీసి క్రొత్తవి అదుకవలెను. మూడవది తెర. కొన్ని తెరలపైనున్న పొర కాలక్రమమున చెడి, పుల్లని వాసనవేసి మసకబారును. నాల్గవది మడతబందులు. పాత ప్లాస్టికు పెళుసగును. రెండు చేతులతో నెమ్మదిగా మూత తెరవవలెను. ఐదవది హార్డుడిస్కు. అందలి తిరుగుడు భాగములు ఎప్పుడైన నిలిచిపోవచ్చును. గాన యంత్రము నడిచిన మొదటి దినముననే అందున్నదంతయు వేరొకచోటికి ప్రతి తీసికొనవలెను. కొందరు దాని స్థానమున, కదలిక లేని మెమరీ కార్డును అమర్చుదురు.

ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. 1990 దశకమున మన తెలుగు ముద్రణాలయములలో కంప్యూటరుపై అక్షరములు కూర్చుట వ్యాపించెను. 1991లోనే యూనికోడు మొదటి కూర్పున తెలుగునకు చోటు దొరికెను. అయినను అది వాడుకలోనికి వచ్చుటకు చాల యేండ్లు పట్టెను. ఆ నడిమికాలమున ఒక్కొక్క తయారీదారు తన యచ్చులకు తన యిష్టమైన సంకేతసంఖ్యలు పెట్టుకొనెను. ఆనాటి ఫ్లాపీని నేటి యంత్రమున చదివింపబోయిన, ఆ ఫాంటు లేనిచో తెలుగు కనబడదు. అర్థములేని గుర్తుల వరుస కనబడును.

మా ప్రాంతపు దేవాలయ స్థలపురాణ మొకటి ఆ కాలమున అట్లు కూర్పబడెను. వ్రాసిన పండితుడు గతించెను, వ్రాతప్రతి యెవరియొద్దను లేదు, అచ్చుప్రతులు చెదలపాలయ్యెను. మిగిలినవి మూడు ఫ్లాపీలు. ఆనాటి ఫాంటు నిలిచియున్న పాత ల్యాప్‌టాపు నొకదానిని బాగుచేసి యుంచుకొన్న మిత్రుని యింటికి వానిని కొనిపోతిమి. రెండు ఫ్లాపీలు చదువబడెను. అందలి పాఠమును కాగితముపై ముద్రించుకొని, యక్షరమక్షరము సరిచూచి, యూనికోడులో తిరిగి కూర్చితిమి. మూడవదానికి బూజు పట్టియుండెను. అందలి అధ్యాయములు పోయినట్లే.

బ్రౌను దొర కడపలో పండితులను గూర్చుండబెట్టి తాటాకు ప్రతులను సరిచూపించెను. ఆకు దొరికిన చదువగల కన్నులు నాడుండెను. ఫ్లాపీ దొరికినను దానిని చదువుటకు కన్ను చాలదు, యంత్రము వలయును. కావున పాత కంప్యూటరును బ్రతికించువాడు వినోదమున కాలము గడపువాడని తలపవలదు. మీ యూరిలో నెవరి యటుకమీదనైన నట్టి యంత్రముగాని, ఫ్లాపీలుగాని యున్నచో, చెత్తబండి కెత్తకముందు అందేమి వ్రాసియున్నదో కనుగొనుడు. ఆలస్యమైన కొలది బూజు పెరుగును.