నడకకు కెమెరా సంచి: మన ఎండకు, వానకు తగినది

ఊత్తంగరై నుంచి సింగారపేట మీదుగా చెంగం వెళ్ళే వైపు పల్లెల్లో వీరగల్లులు చాలా ఉన్నాయి. తమిళంలో నడుకల్ అంటారు. శూలగిరి దగ్గర మల్లచంద్రంలో పాతకాలపు రాతి సమాధులు, వాటిమీద తెల్లరంగు బొమ్మలు ఉన్నాయి. సెలవు రోజుల్లో వీటిని చూసి ఫొటోలు తీసుకొనే కుటుంబాలు మనలో పెరిగాయి. కెమెరాను ఎలాంటి సంచిలో తీసుకెళ్ళాలని అడుగుతున్నారు కనుక మాకు తెలిసింది రాస్తున్నాము.

సంచి అనగానే అందరూ దెబ్బల గురించే చూస్తారు. మన దగ్గర అసలు శత్రువు చెమ్మ. మా సంఘం కెమెరాను తోలు ఒరలో పెట్టి, ఒక వానాకాలమంతా బీరువాలో భద్రంగా ఉంచాము. దెబ్బ తగల్లేదు, నీళ్ళు పడలేదు. కానీ లెన్సు లోపల సాలెగూడులా బూజు పట్టింది. చూసుకోకుండా వాడాము. ఒక పెద్దావిడ పెళ్ళిపాటలు పాడుతుండగా తీసిన ఫొటోలన్నీ మసకగా వచ్చాయి. ఆవిడ ఇప్పుడు లేరు.

తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, బూజుకు అదే ఆహారం కూడా. కాబట్టి నైలాను లేదా పాలియెస్టరు సంచి తీసుకోండి. లోపలి మెత్తను వేలితో నొక్కితే వెంటనే పైకి లేవాలి. అణిగిపోయి అలాగే ఉండే స్పాంజి పనికిరాదు. అడుగున కూడా మెత్త ఉందో లేదో చూడండి, సంచిని బండమీద దించేటప్పుడు దెబ్బ తగిలేది అక్కడే.

చిన్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా, 18-55 లెన్సుతో కలిపి, ముప్పాతిక కిలో అటూ ఇటూ ఉంటుంది. లీటరు నీళ్ళ సీసా దానికన్నా బరువు! కెమెరా, ఒక్క లెన్సు వరకైతే ఒంటిభుజం సంచి చాలు. దించకుండానే ముందుకు తిప్పి తెరవవచ్చు. రెండు లెన్సులు, నీళ్ళు, అన్నం మూట అంటే వీపు సంచే మేలు. మా వయసువాళ్ళకు నడుముపట్టీ తప్పనిసరి, భుజాల బరువు తుంటిమీదికి దిగుతుంది. నీళ్ళ సీసా బయటి జేబులోనే ఉండాలి, కెమెరా పక్కన ఎప్పుడూ వద్దు.

వాన తొడుగు విడిగా ఉన్న సంచి ఎంచుకోండి. 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుపానుకు ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి వానకు ఏ తొడుగూ ఆగదు, ఆ రోజు ఇల్లు కదలకపోవడమే మంచిది. మామూలు జల్లుకు తొడుగు సరిపోతుంది, కానీ వీపువైపు నీరు దిగుతుంది. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు మడిచి ఉంచుకోండి. గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో దుమ్ముకూ అదే అడ్డు.

బండిమీద వెళ్ళేటప్పుడు సంచిని క్యారియరుకు కట్టకండి, అదురుకు లెన్సు మరలు వదులవుతాయి. ఒంటికి తగిలించుకోండి.

ఇంటికి రాగానే సంచి ఖాళీ చేసి నీడలో ఆరబెట్టాలి. కెమెరాను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నారింజ రంగు గుళికలు పచ్చబడితే చెమ్మ పీల్చుకున్నట్టు. వంటకు వాడని మూకుడులో సన్నని సెగమీద వేడిచేస్తే పాత రంగు వస్తుంది. నీలం గుళికల్లో కోబాల్టు ఉంటుంది, పిల్లల చేతికి ఇవ్వకండి.

కొనేముందు మీ కెమెరాను అంగడికి తీసుకెళ్ళండి. సంచిలో పెట్టి, తగిలించుకొని, చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఒకసారి వంగి చూడండి. సంచి జారి ముందుకు వచ్చి తలకు తగిలితే ఇంకొకటి చూపించమనండి.