పాత కంప్యూటర్‌కి లైలోనా, గ్రబ్బా?

ర్యామ్ తక్కువున్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేస్తే బూట్‌లోడర్‌గా లైలోనే పెట్టాలి, గ్రబ్ బరువు అని చాలాకాలంగా ఒక మాట చలామణీలో ఉంది. ఆ మాట నిలవదు. కెర్నెల్‌ను డిస్కు మీంచి మెమరీలోకి ఎక్కించి పగ్గాలు దాని చేతికివ్వడంతో బూట్‌లోడర్ పని సరి. అది వాడుకున్న జాగా కూడా ఆ తర్వాత కెర్నెల్‌దే. లైలో చిన్నదైనందువల్ల మనకు ఒక్క మెగాబైటూ మిగలదు. చూసుకోవాల్సింది, యంత్రం మొరాయిస్తే బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది. ఉదాహరణకు, అనంతపురం పట్నంలో 1946 నాటి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 2008లో జేఎన్‌టీయూ అనంతపురం అయింది అదే. అక్కడ తెలిసినవాళ్లు దొరుకుతారు. కల్యాణదుర్గం, రాయదుర్గం పల్లెల్లో ఆ భరోసా ఎక్కడిది?

మెమరీ దగ్గర అసలు చిక్కు పాత బయోస్‌ది. మొదటి మెగాబైటుకు పైన ఎంత మెమరీ ఉందో అది కిలోబైట్ల లెక్కన, 16 బిట్ల సంఖ్యలో చెప్పేది. ఆ సంఖ్య 65,535 దాటదు. 128 మెగాబైట్లు బిగించినా పాత కెర్నెల్‌కు కనిపించేవి 64 మాత్రమే. చెరువు నిండినా తూము పట్టినంతే కదా కాలువకు వచ్చేది! దీనికి మందు, లైలో కాన్ఫిగరేషన్ ఫైల్లో ‘మెమ్=128ఎమ్’ అని రాయడం. రాసి ఊరుకుంటే చాలదు, లైలో ఆదేశాన్ని మళ్లీ నడపాలి. ఎందుకంటే 1990ల మొదట్లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన ఈ లైలోకి ఫైల్‌సిస్టమ్ అంటే తెలియదు; కెర్నెల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో ముందే రాసిపెట్టుకుంటుంది. కెర్నెల్ మార్చి ఆ ఆదేశం మరిచిపోతే పాత చిరునామా పట్టుకుని వెతుకుతుంది. తెరమీద ఎల్, ఐ అని రెండక్షరాలు పడి ఆగిందంటే, మొదటి భాగం రెండో భాగాన్ని ఎక్కించింది గానీ నడపలేకపోయిందని అర్థం. ఆ రెండక్షరాలను చదవగలిగినవాడు ఊళ్లో ఉండాలి. 1995లో ఎరిక్ బోలిన్ గ్నూ హర్డ్ కోసం మొదలుపెట్టిన గ్రబ్ అలా కాదు. ఫైల్‌సిస్టమ్‌ను తానే చదువుతుంది. కెర్నెల్ పేరు తప్పుపడినా, కంప్యూటర్ లేస్తున్నప్పుడే మెనూలో ఆ వరుస దిద్దుకోవచ్చు. పట్నం నుంచి మనిషి రానక్కర్లేదు, ఫోన్లో చెప్పినా సరిపోతుంది.

నాలుగు మెగాబైట్ల ర్యామ్ ఉన్న పాత 386 ప్రాసెసర్ యంత్రం సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంత చిన్న యంత్రానికి లైలో గానీ, డాస్ నుంచి లినక్స్‌ను లేపే లోడ్‌లిన్ గానీ సరైనదే. గ్రబ్ రెండో తరం అక్కడ ఇమడటమే కష్టం. కానీ అలాంటి యంత్రం మీద తెలుగు చదవడం సాగదు. వీజీఏ టెక్స్ట్ తెరకు ఒకేసారి 512 అక్షరరూపాలే హద్దు, ప్రతిదీ ఒకే వెడల్పు గడిలో ఒదగాలి. మన గుణింతాలు, ఒత్తులు అందులో పట్టవు. తెలుగు కావాలంటే ఎక్స్ విండో, యూనికోడ్ ఫాంటు, ఒత్తులు కూర్చే లైబ్రరీ అన్నీ ఉండాలి. స్వేచ్ఛ సంస్థ తయారుచేసిన తెలుగు లినక్స్‌కైనా ఈ ఖర్చు తప్పదు. పాత కంప్యూటర్‌కు లినక్స్ ప్రాణం పోస్తుందన్న మాట ఇంగ్లిషు చదివేవాడికి ముందుగా నిజమైంది, తెలుగు పిల్లవాడికి ఆలస్యంగా, ఎక్కువ ర్యామ్ ధరకు నిజమైంది. 2015 డిసెంబరుతో లైలో అభివృద్ధి ఆగిపోయింది గానీ తెలుగుకు కావాల్సిన ఆ అదనపు ర్యామ్ అవసరం మాత్రం తీరలేదు.