నీలి రౌతు: ఒకే గోడ మీద రెండు ధ్రువాలు

1911 డిసెంబరు 2న మ్యూనిక్ నగరంలో ఒక చిత్రాన్ని కొలతల పేరు చెప్పి తిరస్కరించారు. వసీలీ కాండిన్‌స్కీ వేసిన 'కంపోజిషన్ 5' అది. నాలుగు చదరపు మీటర్లు దాటిన బొమ్మ న్యాయనిర్ణేతల ఆమోదం లేనిదే గోడకెక్కరాదని స్థానిక నవ్య కళాకారుల సంఘం నియమం. ఈ బొమ్మ ఐదు దాటింది. నిజానికి అభ్యంతరం వైశాల్యం గురించి కాదు, అందులో పోల్చుకోదగిన వస్తువు దాదాపు ఏదీ లేకపోవడం గురించి. కాండిన్‌స్కీతో పాటు ఫ్రాంజ్ మార్క్, గాబ్రియేలే ముంటర్ కూడా సంఘం నుండి బయటికి నడిచారు. పదహారు రోజులు తిరిగేసరికి, అదే టాన్‌హౌజర్ గ్యాలరీలో, పాత సంఘం ప్రదర్శన పక్క గదుల్లోనే, వీరి ప్రదర్శన తెరుచుకుంది. పేరు 'డెర్ బ్లౌవె రైటర్', అనగా నీలి రౌతు.

అలిగి వెళ్లిన వారు తమ పద్ధతి బొమ్మలనే గోడలనిండా పెట్టుకుంటారని ఎవరైనా అనుకుంటారు. ఈ ప్రదర్శన విశేషమంతా అలా జరగకపోవడంలోనే ఉంది. పద్నాలుగురు చిత్రకారులు, సుమారు యాభై బొమ్మలు. కాండిన్‌స్కీ రంగుల సుడులున్న చోటనే ఆన్రీ రూసో బొమ్మలూ ఉన్నాయి. రూసో పారిస్‌లో సుంకం వసూలు చేసే ఉద్యోగి. బడికి పోయి చిత్రకళ నేర్చినవాడు కాడు. ఆకును ఆకులాగా, కోడిని కోడిలాగా ఓపికగా వేసి, 1910లో కన్నుమూశాడు. మరోవైపు స్విట్జర్లాండులో పుట్టిన నీస్ట్లే, పక్షులను అతి సున్నితంగా, ఉన్నవి ఉన్నట్టు చిత్రించేవాడు. పారిస్ నుండి దెలోనే, రష్యా నుండి బుర్‌ల్యూక్ సోదరులు, అమెరికాలో పుట్టిన ఆల్బర్ట్ బ్లోక్, వీరందరి నడుమ సంగీతకర్త ఆర్నోల్డ్ షోన్‌బెర్గ్! ఆ ఏడాది జనవరి 2న మ్యూనిక్‌లో అతని కచేరీ విని చలించిన కాండిన్‌స్కీ, ఈనాటి అపస్వరమే రేపటి సుస్వరమన్న అర్థం వచ్చేలా అతనికి ఉత్తరం రాశాడు. ఆ చెలిమి షోన్‌బెర్గ్ బొమ్మలను గోడకెక్కించింది. అవి అందరికీ రుచించలేదు. ప్రదర్శనలో పాల్గొన్న అగస్ట్ మాకె వాటిని వెటకారం చేస్తూ మార్క్‌కు రాశాడు. మాకె అభిప్రాయమే నాకూ సబబనిపిస్తుంది. అయితే వాటిని అక్కడ ఉంచడమూ సబబే.

ఈ కూర్పు వెనుక ఉన్న ఆలోచనను 1912 మేలో వెలువడిన 'నీలి రౌతు' సంకలనంలో కాండిన్‌స్కీ వివరించాడు. కళకు రెండు ధ్రువాలున్నాయన్నాడు: ఒకటి మహా అమూర్తత, రెండవది మహా వాస్తవికత. మొదటిదానిలో వస్తువు కనీసానికి కుదించుకుపోయి రూపమూ రంగూ మాట్లాడతాయి. రెండవదానిలో కళాసౌందర్యం కనీసానికి కుదించుకుపోయి వస్తువు తానే మాట్లాడుతుంది. దేన్ని తీసివేసినా, మిగిలినదాని లోపలి ధ్వని వినపడుతుంది. కనుక బయటికి ఎంత ఎడమో లోపల అంత సమానం. రెండింటినీ కలిపి నడుమన ఏదో రాజీ చిత్రం వేయమని అతడు చెప్పలేదు. తక్కెడ దండెను నిలబెట్టేవి రెండు చివరలా ఉన్న పళ్లేలే కదా.

ఆ సంకలనమూ ఇదే తీరులో ఉంటుంది. బవేరియా పల్లెజనం అద్దం మీద వేసిన భక్తిచిత్రాలు, పిల్లల గీతలు, ఈజిప్టు తోలుబొమ్మలు, వాటి సరసన పికాసో. తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు ఆ పుటలు కొత్తగా తోచవేమో గాని, 1912 నాటి జర్మన్ పాఠకుడి దృష్టిలో అవి కళ కిందికే రావు. మార్క్ ఆ అద్దపు పద్ధతిలోనే రూసో ముఖచిత్రాన్ని వేసి కాండిన్‌స్కీకి కానుకగా ఇచ్చాడు.

మార్క్ ఈ ద్వంద్వాన్ని ఒకే బొమ్మలోకి తెచ్చుకున్నవాడు. 1910 డిసెంబరులో మాకెకు రాసిన లేఖలో అతడు రంగులకు గుణాలు పంచాడు. నీలం పురుషతత్త్వం, కఠినం, ఆధ్యాత్మికం. పసుపు స్త్రీతత్త్వం, సౌమ్యం, ఉల్లాసం. ఎరుపు బరువైన జడపదార్థం, తక్కిన రెండూ ఎదిరించవలసినది. ప్రదర్శనలో పెట్టిన 'పసుపు ఆవు' ఒళ్లంతా పసుపు, అక్కడక్కడ నీలి మచ్చలు, కింద ఎర్రని నేల. స్త్రీపురుషులకు ఇలా రంగులు పంచడం నేటి చదువరికి మింగుడుపడదు, నాకూ పడదు. ఐనా గాలిలోకి గంతేస్తున్న ఆ ఆవును చూస్తే సిద్ధాంతం మరచిపోతాము.

మూడేళ్లు గడవకముందే యుద్ధం వచ్చింది. రష్యా పౌరుడైన కాండిన్‌స్కీ 1914 ఆగస్టులో జర్మనీ విడిచి వెళ్లవలసి వచ్చింది. మాకె అదే సెప్టెంబరులో ఫ్రాన్సు రణరంగంలో, మార్క్ 1916 మార్చిలో వెర్దాఁ దగ్గర నేలకొరిగారు. వ్లదీమిర్ బుర్‌ల్యూక్ ఎదుటి పక్షాన పోరాడి 1917లో మరణించాడు. 1923లో కాండిన్‌స్కీ యూదులను గూర్చి ఏవో అన్నాడని విన్న షోన్‌బెర్గ్, తీవ్రమైన లేఖలు రాసి వైమార్ రమ్మన్న పిలుపును తోసిపుచ్చాడు. ఒకే గోడ మీద ఇమిడిన బొమ్మల కర్తలు ఒకే ఊళ్లో ఇమడలేకపోయారు.

1937 జూలైలో ఇదే మ్యూనిక్‌లో నాజీలు కూడా విరుద్ధాలను పక్కపక్కన పెట్టారు, మరో విధంగా. 18న తాము మెచ్చిన 'మహా జర్మన్ కళా ప్రదర్శన', మరునాడు కొద్ది దూరంలోనే 'భ్రష్ట కళ' ప్రదర్శన. రెండవదానిలో గేలి కోసం వేలాడదీసిన వాటిలో కాండిన్‌స్కీ బొమ్మలున్నాయి, మార్క్ బొమ్మలున్నాయి. మార్క్ యుద్ధంలో ప్రాణమిచ్చినవాడని మాజీ సైనికాధికారులు నిరసించగా అతని 'నీలి గుర్రాల గోపురం' ఒకటి తొలగించారు. 1945 తరువాత అది ఏమైందో తెలియదు.

ముంటర్ పేరు ఇంతసేపూ వెనకబడింది, చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం వెనకబడినట్టే. 1911 నాటి ఆ గదుల్లో ఏ బొమ్మ పక్కన ఏది ఉన్నదో నేడు మనం చూడగలుగుతున్నామంటే, ఆమె తీసిన ఫోటోల వల్లనే. కాండిన్‌స్కీ ఆమెను విడిచి 1917లో వేరొకరిని పెళ్లాడాడు. అతడు వదిలిపోయిన బొమ్మలను, మిత్రుల బొమ్మలను ఆమె నాజీల కాలమంతా ముర్నౌలోని తన ఇంటి నేలమాళిగలో దాచింది. 1957లో, తన ఎనభయ్యవ పుట్టినరోజు సందర్భాన, వెయ్యికి పైగా కళాకృతులను మ్యూనిక్ నగరపు లెన్‌బాఖ్‌హౌస్ సంగ్రహాలయానికి ఇచ్చివేసింది.