అంబాసిడర్‌కి తుప్పు పడితే

మన తరంలో అంబాసిడర్ ఎక్కనివాళ్ళు అరుదు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళినా, నొప్పులొచ్చిన ఇల్లాలిని ఆసుపత్రికి చేర్చినా ఆ బండే. ఇప్పుడవి ఎక్కడో ఒకటీ అరా, షెడ్లలో పాత దుప్పట్లు కప్పుకుని పడున్నాయి. ఇంజన్ చెడితే బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అసలు జబ్బు తుప్పు. దానికి తక్కువ ఖర్చుతో వైద్యం చేసే చేతులు మన దగ్గర ఎలా పుట్టాయో, ఇప్పుడెందుకు కరువయ్యాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

హిందుస్తాన్ మోటార్స్ 1942లో పుట్టింది. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర ఉండేది, 1948లో కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాకి మారింది. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతోనే 1950ల చివర్లో అంబాసిడర్ తెచ్చింది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ ఫియట్ కార్లు చేసేది. మనం పద్మిని అని పిలుచుకున్న బండికి ఆ పేరు 1974లో వచ్చింది. 1953లో ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ఇక్కడే తయారుచేసే ప్రణాళిక ఉన్నవాళ్ళకే వ్యాపారం, విడిభాగాలు తెచ్చి బిగించేవాళ్ళకి చోటు లేదంది. దాంతో ఫోర్డ్, జనరల్ మోటార్స్ లాంటివి మూటాముల్లె సర్దుకున్నాయి.

ఇక మిగిలినవి రెండు మూడు రకాల కార్లే. అవి కూడా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తేనే వచ్చేవి. అంత కష్టపడి తెచ్చుకున్న బండిని తుప్పు పట్టిందని ఎవరు పారేస్తారు? అమ్మమ్మలు ఇత్తడి బిందెకి మాటు వేయించినట్టు, కారుకీ రేకు అతికించి వాడుకున్నారు. అలా పుట్టినవే మన టింకరింగ్ షెడ్లు. 1960ల్లో మొదలైన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సుత్తి, దిమ్మె, గ్యాస్ వెల్డింగ్ గొట్టంతో ఏ వంపునైనా కొట్టి తీసేవాళ్ళు తయారయ్యారు. చదువు తక్కువ, చేతిలో లెక్క ఎక్కువ.

ఇంకో మేలు కూడా జరిగింది. 2014 మేలో ఉత్పత్తి ఆగేదాకా అంబాసిడర్ రూపం పెద్దగా మారలేదు. ముందు గ్రిల్లు, లైట్లు, లోపలి హంగులు మారాయిగానీ ఒళ్ళు అదే. కాలంతో మారలేదని అందరూ ఎగతాళి చేశారు. కానీ మారకపోవడం వల్లే ఒక బండి తలుపు ఇంకో బండికి చాలావరకు సరిపోయేది. రిపేరు చౌకగా అయ్యేది. 1983 డిసెంబరులో మారుతి వచ్చాక, 1991 తర్వాత ఇంకా రకరకాల కార్లు వచ్చాక ఆ లెక్క తప్పింది. భాగం పాడైతే బాగుచేయడం మాని కొత్తది బిగించడం అలవాటైంది. రేకు కొట్టే పని తెలిసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళ పిల్లలు వేరే పనులు చూసుకున్నారు.

అయితే ఏంటి, పైపైన పూత వేయిస్తే పోలేదా అంటారేమో. లారీకి కింద ఛాసిస్ వేరు, పైన బాడీ వేరు. అంబాసిడర్‌కి అలా కాదు, ఆ రేకుల ఒళ్ళే దాని ఎముకల గూడు. తలుపుల కింద గడపలాగా ఉండే పెట్టె భాగం తుప్పు తింటే బండి బలమే పోతుంది. రబ్బరు మ్యాట్ కింద చేరిన తడి నేల రేకుని నెమ్మదిగా తినేస్తుంది. మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రం ఊళ్ళలో ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మన ఇనప పెనం కడిగి, తుడిచి, నూనె రాసి పెట్టడంలో ఉన్న సూత్రమే ఇక్కడా: తడి, గాలి ఇనుముకి తగలకూడదు. తుప్పు మీద లప్పం పెట్టి రంగు కొడితే పైన పటారం, లోన లొటారం. లోపల తుప్పు తన పని తను చేసుకుపోతుంది.

మా మామగారి 1978 బండిని చూపిస్తే ఒక పెద్ద వర్క్‌షాపు వాళ్ళు చెప్పిన ఖర్చు వినగానే, తుక్కుకి అమ్మేద్దామన్న మాట ఇంట్లో వచ్చింది. మామగారు ఏమీ అనలేదు, ఆ పూట అన్నం సరిగా తినలేదంతే. తర్వాత లారీ క్యాబిన్లు కట్టే షెడ్డులో ఒక పెద్దాయన దొరికాడు. ఆయన ముందు అయస్కాంతం పెట్టి చూశాడు. అది అంటుకోని చోట రేకు లేదు, పాత లప్పమే. స్క్రూడ్రైవర్‌తో పొడిచి కుళ్ళిన చోటల్లా సుద్దముక్కతో గీశాడు. "గడపలు, నేల ముందు చేద్దామమ్మా. రంగు సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు" అన్నాడు. ఖర్చు తగ్గించే కిటుకు అదే. బలానికి సంబంధించిన పని ముందు, అందం తర్వాత. పని ఎంతవరకు అయితే అంతవరకే డబ్బు. రంగు వేయకముందే వెల్డింగ్ కళ్ళారా చూడాలి. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ తీయించాలి. తలుపులు, బానెట్ లాంటివి పాత సామాన్ల దుకాణాల్లో వెతుక్కోవచ్చు.

కాగితాల ఖర్చు కూడా కలుపుకోవాలి. 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజుని 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కి పెంచారు. 50 ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందిగానీ, అది తీసుకుంటే రోజూ తిప్పడానికి వీల్లేదు.

2017లో అంబాసిడర్ అనే పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. పేరుకి అంత ధర పలికితే, ఆ బళ్ళని ఇన్నేళ్ళు రోడ్డు మీద నిలబెట్టిన చేతులకి మాత్రం ఒక సర్టిఫికెట్ కూడా లేదు. మా పెద్దాయనకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఈ పనిలో లేరు. మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే, ఈ వానలు మొదలయ్యేలోపు మ్యాట్ ఎత్తి చూడండి. తుప్పు ఆగదు, ఆ పని తెలిసినవాళ్ళూ ఎల్లకాలం ఉండరు.